ఆలస్యం, పాతిక కిలోల బస్తా

ఆలస్యం అమృతాన్నైనా విషం చేస్తుందంటారు.
మేం ఆలస్యాన్ని బస్తాల్లో కొంటాం.
మొంబాసా రేవు నుంచి లారీలో వస్తుంది,
గోధుమరంగు పొడి. తడి తగిలితే
వానకు నానిన కట్టెల వాసన.

ఒకప్పుడిది చెట్టు.
ఎక్కడో చలిదేశంలో కాగితం కోసం ఉడకబెడితే
గుజ్జంతా కాగితమైపోగా మిగిలిన జిగురు.
చెట్టును నిటారుగా నిలబెట్టిన పదార్థమే
ఇప్పుడు రాయిని
ఇంకాసేపు కూర్చోమంటుంది.

నా పేరు జెరోప్. వానవేళ పుట్టానని పెట్టారు,
ఆ ఏడు వాన కూడా నెల ఆలస్యమేనట.
రిఫ్ట్ లోయలో, ఇంకా చల్లారని కొండనోట్లో
మూడో రిగ్గు పక్కన నా కంటైనర్ ల్యాబ్.
కింద, రెండువేల మీటర్ల లోతున
నేల నూట అరవై డిగ్రీల మీద కాగుతోంది.
పైన అర్ధరాత్రి, స్వెట్టర్ లేకుంటే పళ్ళు టకటకలాడతాయి.
బావి ఒకటే, ఋతువులు రెండు.
కలిపే సిమెంటు మాత్రం ఒక్కటే.

నీళ్ళు చూసిన సిమెంటు ఆగదు.
గింజ తడవగానే లోపల కొలిమి రాజుకుంటుంది,
వేడి వేడిని కేకేసి పిలుస్తుంది,
పది డిగ్రీలు పెరిగితే
చేతిలో ఉన్న సమయం సగానికి సగం ఆవిరి.

ఈ పొడి వెళ్ళి ఒక్కో గింజనూ
కరుచుకుని కూర్చుంటుంది.
కరిగొచ్చిన సున్నం చేయి పట్టుకుంటుంది.
మొలకెత్తబోయే స్ఫటికాన్ని
కాదనదు, ఇప్పుడు కాదంటుంది.
మరీ వేడెక్కితే దాని ఓపికా మాడిపోతుంది,
అప్పుడు తోడుగా వెలిగారం,
కంసాలి బంగారం అతికేటప్పుడు చల్లేదే.

పోయినేడు పదహారో బావి దగ్గర
ముసెంబి ఒక చుక్కను తప్పు చోట చదివాడు.
తొంభై నిమిషాలకు
గొట్టంలో గొట్టమంత పొడుగు రాయి.
పంపు మూలిగింది, గేజి ముల్లు చివరికెళ్ళి వణికింది,
ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అదే భరించలేకపోయాం.
ముసెంబి ఇప్పుడు నైవాషాలో
గులాబీ తోటలకు ఎరువు తూస్తున్నాడు.
ఒక్కో చిటికెడూ మూడుసార్లు తూస్తాడట.

ఆనాటి నుంచీ డ్రిల్లర్ సిరోంకాకి గుండె దడ.
"ఇంకో అర శాతం వెయ్యమ్మా, నా ముఖం చూసి."
వెయ్యను.
ఎక్కువేస్తే అడుగున గట్టిపడుతుంది సరే,
పైన చలిలో మూడు రోజులైనా
గంజి గంజిగానే ఉంటుంది.
దాన్ని నమ్మి మీద ఏం నిలబెడతావు?

రాత్రంతా కుండ తిరుగుతూనే ఉంది.
లోపలి తెడ్డు కదలదు, కుండే తిరుగుతుంది,
బావిలో ఉన్నంత వేడి, ఉన్నంత ఒత్తిడి.
మొదటి పాళ్ళకు గంటా నలభై. పారబోశాను.
రెండోది ఆరు గంటలు దాటినా పాలలా పల్చగా. పారబోశాను.
మూడోది...
కాగితం మీద గీత పడుకుని, పడుకుని,
ఒక్కసారి లేచి నిలబడింది.

"ఎంత టైముంది నాకు?"
"నాలుగు గంటల పది నిమిషాలు."
సిరోంకా వేళ్ళ మీద లెక్కేశాడు.
"పని రెండున్నర. మిగతాది దేనికి?"
"పంపు ఆగితే. నువ్వు భయపడితే."
నవ్వాడు. టీలో పంచదార వేసుకుంటుంటే
చెప్పాను, అదీ సిమెంటును ఆపుతుందని.
చెంచా వెనక్కి పెట్టేశాడు పాపం,
తన కప్పులోదే అయినా.

మరునాటి రాత్రి పోశారు. పంపు ఆగలేదు.
నేను ఒక పేపరు కప్పులో కాస్త పట్టుకుని
కిటికీ దగ్గర పెట్టాను.
తెల్లారి బొటనవేలు నొక్కితే గుంట పడి
నెమ్మదిగా పూడిపోయింది.
పదింటికీ అంతే.
సిరోంకా నాలుగుసార్లు వచ్చి చూసి,
ఏమీ అడక్కుండా వెళ్ళాడు.

సాయంత్రం నొక్కాను. పూడలేదు.
నా వేలిగీతలు, పక్కన పాత కత్తిగాటుతో సహా,
అందులో అలాగే ఉండిపోయాయి.

ఆ కప్పు ఇప్పుడు సిరోంకా బల్ల మీద ఉంది.
గుంటలో పెన్ను మూత పెట్టుకుంటాడు.